సీసం గుంతల దగ్గర నేను పెట్టిన బోరు

వెండి చూద్దామని బయలుదేరి ఎండ చూసి వచ్చాను. అంతవరకు ఆశ్చర్యం లేదు, వెళ్లే ముందే అందరూ చెప్పారు. మధ్యలో ఒక రైతు కుటుంబానికి బోరు పాయింటు పెట్టి వచ్చాను. అది మాత్రం ఎలా జరిగిందో, మంచే చేశానో కాదో, ఇంటికొచ్చి ఇన్నాళ్లయినా నాకు తేలలేదు. రాస్తే తేలుతుందేమోనని రాస్తున్నాను.

మాది రేపల్లె వైపు. మా దగ్గర పందిరి గుంజ పాతడానికి గొయ్యి తీస్తే చాలు, అందులో నీళ్లూరతాయి. మేం నీళ్లు రావాలని కాక పోవాలని దేవుడికి మొక్కుకునేవాళ్లం. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన నాకు రాళ్ల మీద మోజు ఆలస్యంగా పుట్టింది. "చెప్పినన్నాళ్లూ పిల్లల్ని బోరు కొట్టారు, ఇప్పుడు రాళ్ల వంతు" అని మా ఆవిడ అంటుంది. రాయలసీమలో నేను నిజంగానే బోరు కొట్టించి వస్తానని ఆవిడ కూడా ఊహించలేదు.

కల్లూరు: ఉగ్గాని, ఉప్పు సముద్రం

కర్నూలు పక్కన కల్లూరులో నా చిన్ననాటి మిత్రుడున్నాడు. భూగర్భ శాస్త్రం చదివి, ఆ ఉద్యోగమే చేసి, రిటైరయ్యాడు. షేర్ ఆటోలో అందరి మోకాళ్ల మీద కూర్చుని వాళ్లింటికి చేరేసరికి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తయారుగా ఉన్నాయి. నానబెట్టిన బొరుగులకు, అంటే మా మరమరాలకు, తాలింపు పెట్టి, పైన పప్పుల పొడి చల్లి పెడతారు. బొరుగులను మేం సాయంత్రం పూట కాలక్షేపానికి నములుతాం. ఇక్కడ అవి పొద్దున్నే గంభీరమైన ఆహారం.

తింటూ ఉండగానే పాఠం మొదలైంది.

"ఈ నేలంతా ఒకప్పుడు సముద్రం. అడుగున బురద, సున్నం పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడ్డాయి. మీ ఇంట్లో పరిచిన కడప బండలున్నాయే, అవి ఆ సముద్రం అడుగే."

"అయితే నేను రోజూ సముద్రం మీద కూర్చుని కాఫీ తాగుతున్నానా?"

"మీద కాదు, అడుగున" అన్నాడు.

ఆ తర్వాత ఎంతో కాలానికి, సున్నపురాతి పొరల్లోని పగుళ్లలోకి లోపలి నుంచి వేడి వేడి ఉప్పునీళ్లు ఎక్కాయట. అవి మోసుకొచ్చిన ఖనిజం పగుళ్లలో మిగిలిపోయింది. అదే సీసపు రాయి. బీరువాలోంచి ఒక ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. నిమ్మకాయంత ఉంది. బరువుకు చెయ్యి కిందికి జారింది. విరిగిన చోటల్లా చిన్న చిన్న ఘనాలు, అద్దం ముక్కల్లా తళతళలాడుతున్నాయి.

"ఈ మెరిసేది వెండా?"

"మెరిసేది సీసం. వెండి కనబడదు, పాలలో వెన్నలాగా లోపల దాక్కుంటుంది. రాయిని కరిగించి సీసం తీయాలి. ఆ సీసాన్ని ఎముకల బూడిదతో చేసిన మూకుడులో మళ్లీ కరిగించి తిత్తులతో గాలి కొట్టాలి. సీసమంతా బూడిదలోకి ఇంకిపోయాక చివరికి ఒక చుక్క మిగులుతుంది. అదీ వెండి."

అంత రాయికి ఒక చుక్క. లెక్కల మాస్టారిని గనక నాకు ఆ భాగహారం నచ్చలేదు.

"మైదుకూరు అవతల బస్సు దిగేచోట మనవాడొకడు ఉంటాడు. వాడే నిన్ను గుర్తుపట్టి, ఈ రాయి తవ్విన పాత గుంతలు చూపిస్తాడు" అన్నాడు మిత్రుడు. మనవాడి పేరు చెప్పాడు కానీ, బజ్జీ కారానికి నా చెవులు అప్పటికే మూసుకుపోయాయి.

మైదుకూరు దారి: తాంబూలం

నంద్యాల దాటి, ఆళ్లగడ్డ మీదుగా మైదుకూరు పోయే బస్సులో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. మనవరాలి నిశ్చితార్థం చేసుకుని వస్తున్నారు. బస్సులో సగం వాళ్ల బంధువులే. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్న పంచాయితీ ఇంకా నడుస్తోంది.

"యాడికి పోతాండావన్నా ఇంత ఎండలో?" అంది.

పాత గుంతలు చూడటానికని చెప్పాను.

"గుంతలు చూసేదానికి అంత దూరం పోవాల్నా? మా ఊరి రోడ్డు మీదికి రా, కావాల్సినన్ని ఉండాయి" అంది. వెనక సీట్లన్నీ నవ్వాయి.

గనుల గుంతలని వివరించాక చరిత్ర వాళ్లే అందుకున్నారు. మైసూరు సుల్తాను తుపాకి గుండ్ల కోసం తవ్వించాడని ఒకాయన అన్నాడు. అంతకుముందే విజయనగరం రాయలు తవ్వించారని ఇంకొకాయన. ఇద్దరూ కాదు, తెల్లదొరలు వచ్చి అంతా ఎత్తుకుపోయారని ముందు సీటాయన. "ఎవరు తవ్వినా పూడ్చినోడు ఒక్కడూ లేడు, మా ఎనుము ఒకటి పడి సచ్చిపాయె" అని పెద్దావిడ ఆ చర్చను ముగించింది. నా పుస్తకంలో మూడు చరిత్రలూ రాసుకుని మూడింటికీ ప్రశ్నార్థకాలు పెట్టుకున్నాను. మిత్రుడికి ఫోన్ చేస్తే, "ముగ్గురూ తవ్వి ఉండొచ్చు, వాళ్లకంటే ముందు ఇంకెవరో తవ్వి ఉండొచ్చు" అన్నాడు. అయోమయాన్ని ఇంత పొదుపుగా చెప్పిన సమాధానం నేనెక్కడా వినలేదు.

దిగేముందు ఆవిడ నా చేతిలో తాంబూలం సంచి పెట్టింది. ఆకు, వక్క, రెండు అరటిపళ్లు, పీచు పిలక ఉన్న కొబ్బరికాయ. వద్దంటే, "శుభకార్యం గదన్నా, కాదనకూడదు" అంది.

మైదుకూరులో రాత్రి బస. ఎర్రకారం దోశ తిన్నాను. ముప్పై రూపాయలు. దాన్ని చల్లార్చుకోవడానికి తాగిన సోడాలు, మజ్జిగ కలిపితే దోశ కంటే ఎక్కువయ్యాయి. వడ్డించిన ఆయన నా కళ్లలో నీళ్లు చూసి, "కోస్తా నుంచి వచ్చినారా సార్?" అన్నాడు జాలిగా.

నల్లమల కింద ఒక పల్లె

ఊరి పేరు రాయడం లేదు. చీనీకాయలు, అంటే మా బత్తాయిలు, అమ్ముకుని బతకాల్సిన ఊరు. మిగతాది మీకే తెలుస్తుంది.

పొద్దున బస్సులో తాంబూలం సంచి చెవి తెగింది. అరటిపళ్లు తినేశాను. ఆకు, వక్క జేబులో వేసుకున్నాను. కొబ్బరికాయ ఏ జేబులోనూ పట్టలేదు. శుభకార్యపు కాయ గనక పారేయడానికి మనసొప్పలేదు. దాన్ని అరచేతిలో పట్టుకుని, కండక్టరు "దిగండి దిగండి" అన్నచోట దిగాను. అది నేను దిగాల్సిన స్టాపుకు ఒక స్టాపు ముందని తర్వాత తెలిసింది.

దిగగానే ఒకతను పరుగెత్తుకొచ్చాడు. నల్లటి మనిషి, తలకు తువ్వాలు, మొహం నిండా ఆత్రం.

"వచ్చినావా సామీ! పొద్దుటి నుంచి చూస్తాండాం. రాకుంటే ఎట్లరా దేవుడా అనుకున్యా."

మిత్రుడు పంపిన మనవాడు ఇతనే అనుకున్నాను. ఇంత ఆదరంగా మాట్లాడే గైడు దొరికినందుకు మురిసిపోయాను కూడా. పేరు జయరాజు. నా సంచీ లాక్కున్నాడు. కొబ్బరికాయ కూడా తీసుకోబోయినట్టే చెయ్యి చాపి, ఎందుకో భయపడి వెనక్కి తీసుకున్నాడు.

"భూమి లోపల ఏముందో చూడాలని వచ్చాను" అన్నాను.

"దానికేగదా సామీ పిలిపించింది" అన్నాడు.

దారిలో తన సంగతి చెప్పాడు. నాలుగెకరాల చీనీ తోట. చెట్లు కాపుకొచ్చే వయసు. ఉన్న బోరు ఎండిపోయింది, తర్వాత వేసినవి దుమ్ము తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. ట్యాంకరుతో కొన్నాళ్లు పాదులు తడిపారు. ఇంక చేతకాదు. ఇది ఆఖరి బోరు. నీళ్లు పడకపోతే చెట్లు కొట్టేసి మొగుడూ పెళ్లాం బెంగళూరు కట్టడాల పనికి పోవాలి. ఇదంతా నాకెందుకు చెబుతున్నాడా అనుకున్నాను. మా వైపు ఇంత తొందరగా ఎవరూ కష్టం విప్పి చెప్పరు, ముందు వాతావరణం గురించి మాట్లాడతారు. ఇక్కడ కష్టమే వాతావరణం కదా అని సర్దిచెప్పుకున్నాను.

తోట పక్కన బోరు బండి నిలబడి ఉంది. తమిళనాడు బండి. దాని నీడలో నలుగురు మనుషులు కునుకు తీస్తున్నారు. జయరాజు భార్య సాలమ్మ ఎదురొచ్చి నా కాళ్ల మీద చెంబెడు నీళ్లు పోసింది. నీళ్లు లేని ఊళ్లో కాళ్లకు నీళ్లు! సిగ్గేసింది. ఇంటి గోడ మీద శిలువ బొమ్మ ఉంది. నా చేతిలో కాయను చూసి ఆమె కొంచెం ఇబ్బంది పడింది.

"మా పాస్టరుకు ఇది నచ్చదు సామీ. ఇది పూజ గాదు, నీళ్ల పని అని చెప్పినాం. నువ్వు ఊరికే అట్ల నడు, సాలు."

నచ్చనిది ఏమిటో, నడవడం ఏమిటో బోధపడలేదు. గుంతలకు తోట గుండా దారి కాబోలు అనుకుని నడిచాను. వాళ్లు వెనకాల కొంచెం దూరంగా, చర్చిలో నడిచినట్టు చప్పుడు చేయకుండా వచ్చారు. చెట్లు చూస్తే జాలేసింది. ఆకులు దొన్నెల్లా ముడుచుకున్నాయి. వాటివైపు చూస్తూ నడుస్తుంటే ఒక రాయి కాలికి తగిలి తూలాను. అరచేతిలో అడ్డంగా ఉన్న కాయ జారిపోబోయింది. గబుక్కున వేళ్లు మూస్తే అది పిలక పైకి వచ్చి నిలువుగా నిలబడింది.

"లేసిందే! కాయ లేసిందే సాలమ్మా!" అని జయరాజు కేక పెట్టాడు.

సాలమ్మ పరుగున వచ్చి నేను తట్టుకున్న చోట సున్నంతో గుండ్రంగా గీత గీసింది. మళ్లీ ఎవరికీ దెబ్బ తగలకుండా గుర్తు పెడుతున్నారనుకున్నాను. ఎంత శ్రద్ధ! మా ఊళ్లో రోడ్డు మీద మ్యాన్‌హోలు తెరుచుకుని ఉన్నా చెట్టుకొమ్మ ఒకటి పెట్టి వదిలేస్తారు.

గుంతలు

రాగి సంగటి, చెనిక్కాయల చట్నీ, అంటే వేరుశనగ పచ్చడి, పెట్టారు. తిన్నాక, "ఇంక పాత గుంతలు చూపిస్తావా?" అన్నాను. జయరాజు అయోమయంగా చూసి, "దాంట్ల ఏముంది సామీ... సరే రా" అని కొండవాలు మీదికి తీసుకెళ్లాడు.

గుంతలంటే గుండ్రంగా ఉంటాయనుకున్నాను. అవి చీలికలు. కొండ ఒంటి మీద కత్తితో గీరినట్టు, ఒకదాని వెనక ఒకటి, వరసగా. ఖనిజం ఎటు పోతే అటు మనిషి పోయాడు, దాని వెడల్పు ఎంతో అతనికి దొరికిన చోటు కూడా అంతే. కొన్నిచోట్ల మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టడు. మిత్రుడు చెప్పింది గుర్తొచ్చింది. మందుగుండు లేని రోజుల్లో రాతికి కట్టెలు ఆనించి మంట పెట్టేవారు. రాయి కాగాక నీళ్లు కొడితే పగిలేది. గోడల మీద ఇంకా మసి ఉంది. నా వేలికి అంటింది. ఏ కాలపు మంటో, ఎవరు పెట్టారో! నీళ్లు యాడ నుంచి తెచ్చారని నాకంటే ముందు జయరాజే అడిగాడు.

కింద, వాగు ఒడ్డున నల్లటి చిట్టెం దిబ్బలు. సీసం కరిగించగా మిగిలిన గాజులాంటి మడ్డి. దిబ్బ మీద గడ్డి మొలవలేదు. "మా మేకలు ఈడ మేయవు" అన్నాడు జయరాజు. రాతి బండల మీద ఖనిజం దంచిన గుంటలు, రోళ్లలాగా, వరసగా ఉన్నాయి. దంచినవాళ్లు ఆడవాళ్లయి ఉంటారని నాకెందుకో అనిపించింది. చుక్క వెండి వాళ్ల దాకా వచ్చి ఉండదు.

పైనుంచి చూస్తే చీలికల వరస తిన్నగా దిగి, జయరాజు తోట వైపు చూపిస్తున్నట్టుంది. ఆ మాట అనబోయేంతలో కింద నుంచి పెద్ద మోత. తెల్లటి దుమ్ము మేఘంలా లేచింది.

"అది ఏంటి?"

"మన బోరే సామీ. మొదలుపెట్టమని చెప్పి వచ్చినా."

"పాయింటు ఎవరు చూశారు?"

జయరాజు నిలబడిపోయి నన్ను చూశాడు. "నువ్వే గద."

బండి దగ్గర

కొండ దిగిన తీరు గురించి చెప్పను. కూర్చునే ఎక్కువ దిగాను. బండి మోతలో అరిచి చెప్పాను: నేను నీళ్లు చూసేవాణ్ణి కాదు, లెక్కల మాస్టారిని, ఆ కాయ నిశ్చితార్థపు తాంబూలం, కాలు తట్టుకుంటే నిలబడింది, ఆపండి. అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడితే ఆ చోట నీళ్లున్నట్టట. అలా కొబ్బరికాయతో దిగే మనిషి కోసం వాళ్లు ఎదురుచూస్తుంటే కొబ్బరికాయతో దిగింది నేనొక్కణ్ణే.

జయరాజు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కూలబడ్డాడు. బండి మేస్త్రీ, "ఆపితే ఎట్లా అన్నా? శానా లోతు పోయింది" అన్నాడు తమిళ యాసలో. సాలమ్మ ఒక్కతే కదలలేదు.

"నువ్వు సామివో సారువో నాకు తెల్దప్పా. కాయ లేసిందా, లేదా?"

"లేచింది, కానీ..."

"అయితే కొట్టనీ" అంది మేస్త్రీతో.

రాడ్డు మీద రాడ్డు దిగింది. తెల్లటి దుమ్ము, మళ్లీ తెల్లటి దుమ్ము. నీళ్లు పడకపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో ఆలోచించుకున్నాను. దుమ్ములో అయితే ఎవరికీ కనబడదు కూడా. అంతలో దుమ్ము రంగు మారింది. బూడిద రంగు. ఎండలో తళుకులు. చేతికి తీసుకుంటే బరువు. కల్లూరు బీరువాలో చూసిన ముక్కే, పొడిగా మారి నా అరచేతిలో ఉంది.

ఇంతలో రాడ్డు దడేలుమని కిందికి జారింది. "బొక్క ఉండాది!" అని మేస్త్రీ అరిచాడు. ఏనాటివాళ్లో తవ్విన చీలిక తోట కిందిదాకా వచ్చిందో, రాతిలో దానంతట అదే ఏర్పడ్డ ఖాళీయో తెలియదు. మరుక్షణం నీళ్లు బండి కంటే ఎత్తున లేచాయి. బూడిద రంగు నీళ్లు, చల్లటివి. అందరం తడిసిపోయాం. జయరాజు ఏడుస్తున్నాడో, తడిశాడో చెప్పలేను. ఊరంతా వచ్చింది.

సాలమ్మ ఇత్తడి చెంబు నింపి నా ముందు పట్టుకుంది.

"పాయింటు పెట్టినోళ్లు మొదటి గుక్క తాగాల సామీ. అప్పుడే నీళ్లు నిలబడతాయంటారు."

చెంబు అడుగున తళుకులు తిరుగుతున్నాయి. ఊరంతా నా నోటివైపు చూస్తోంది. తాగలేదు. తాగలేనని చెప్పాను. ఈ పొడి సీసపు రాయి, సీసం ఒంట్లోకి పోకూడదు, పిల్లలకు మరీ చేటు, పరీక్ష చేయించేదాకా ఎవరూ నోట పెట్టొద్దు. మోత ఆగిపోయిన తోటలో నా గొంతు నాకే పరాయిగా వినబడింది. వెనకనుంచి ఒక ముసలాయన, "పండగ పూట ఏడుపు మొగమోడు వచ్చినట్లుండాది" అన్నాడు. నిజమే.

సాలమ్మ చెంబు దించింది.

"తాగేదానికి పంచాయితీ నీళ్లు ఉండాయిలే. చెట్లకు పెట్టొచ్చా, కూడదా? అది చెప్పు."

"నాకు తెలీదమ్మా."

"తెల్దా?" అంది. కోపంగా కాదు. చదువుకున్నవాడికి కూడా తెలియని విషయం ఉంటుందా అన్నట్టు.

సిగ్నలు దొరికే గుట్టెక్కి మిత్రుడికి ఫోన్ చేశాను. సీసం చాలావరకు వేళ్లలోనే ఆగిపోతుంది, కాయలోకి తక్కువే ఎక్కుతుంది, సున్నపురాతి నీళ్లలో కరగడం కూడా తక్కువ, కానీ పరీక్ష చేయకుండా ఏదీ ఖాయంగా చెప్పలేమన్నాడు. కిందికి వచ్చి ఇదే చెప్పాను. "తక్కువ" అన్నమాట జయరాజు పట్టుకున్నాడు. "ఖాయంగా చెప్పలేం" అన్నమాట సాలమ్మ పట్టుకుంది. ఆమె చెంబులోని నీళ్లు తీసుకెళ్లి, తోట చివరన, వాడిపోయి ఇంక బతకదనుకున్న ఒక్క చెట్టు పాదులో పోసింది.

"దీనికి పెడతాండా. దీని సంగతి చూసి మిగతావాటి సంగతి" అంది.

ఆ సాయంత్రం బస్సులో అసలు నీళ్లాయన దిగాడు, చేతిలో కొబ్బరికాయతో. బోరు చూసి, తనైతే నాలుగడుగులు ఎడంగా పెట్టేవాణ్ణని అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

కడప

సీసం కోసం పోయినవాణ్ణి సీసాతో కడప చేరాను. బోరు నీళ్లు పట్టిన సీసాను దారి పొడుగునా పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకున్నాను. పరీక్ష చేసేచోట తీసుకున్నారు. కొన్నాళ్లకు ఫోన్లో చెప్పారు: తాగడానికి వద్దు. చెట్లకు పెట్టొచ్చా అని అడిగాను. "మేం మనుషులు తాగే నీళ్లే చూస్తాం సార్" అన్నారు. కడప బండలు పరిచిన మా వరండాలో కూర్చుని, ఈ రెండు వాక్యాలను ఎంత కలిపి చూసినా లెక్క తేలలేదు.

సాలమ్మకు ఫోన్ చేశాను. తాగొద్దన్న సంగతి చెప్పాను.

"తాగడంలేదులే. చెట్టు ఇగురు పెట్టిందప్పా. ఆకు మెత్తగా, పచ్చగా ఉండాది. నిన్నటి నుంచి అన్నిటికీ వదిలినా."

"అప్పుడే అన్నిటికీనా? కాయ సంగతి ఇంకా తేలలేదమ్మా."

"నువ్వు తేల్చేటప్పటికి చెట్లు ఉంటాయా?"

ఊరి పేరు ఎక్కడా రాయవద్దని, పేరు పడితే కాయ అమ్ముడుపోదని అంది. రాయనన్నాను. కాయ కాస్తే మార్కెట్టుకు వేసేముందు తప్పకుండా పరీక్ష చేయించమని, ఖర్చు సంగతి నేను చూసుకుంటానని చెప్పాను.

ఫోన్లో మోటారు చప్పుడు, దాని వెనక కాలవలో నీళ్లు పారే చప్పుడు వినబడింది. మా ఊళ్లో రోజూ వినే చప్పుడే. ఎప్పుడూ ఇంత శ్రద్ధగా వినలేదు.

"ఎవరికో ఎందుకప్పా, మొదటి కాయ నీకే పంపిస్తా" అంది సాలమ్మ. "పాయింటు పెట్టింది నువ్వు. నువ్వు తిని బాగుందంటే, అప్పుడు మార్కెట్టుకు పోతాది. తింటావా?"

రెండు పంపమన్నాను. ఒకటి పరీక్షకు, ఒకటి నాకు.